అయ్య కత్తి, నా చెయ్యి



ఆ మధ్య మన గ్రూపులో ఒక తమ్ముడు ఆన్‌లైన్‌లో కొన్న కత్తి ఫోటో పెట్టాడు. నల్లటి అలుగు, రబ్బరు పిడి, నైలాన్ ఒర, ధర నాలుగు వేల పైమాటే. "అడవిలో తిరగడానికి ఇది పనికొస్తుందా అన్నా?" అని అడిగాడు. కొందరు సూపర్ అన్నారు, కొందరు నవ్వారు. నేనేమీ రాయలేదు. రెండు ముక్కల్లో చెప్పేది కాదనిపించింది. ఇప్పుడు సెలవులు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాది పాడేరు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. మా ఇంట్లో అయ్య వాడిన మచ్చుకత్తి ఉంది. లారీ కమాను పట్టా నుంచి మా కమ్మరి మావ కొట్టి ఇచ్చింది. అలుగు 13 అంగుళాలు, మొన దగ్గర కొంచెం లోపలికి వంగి ఉంటుంది. వెన్ను నా చిటికెన వేలి గోరంత మందం. బరువు ముప్పావు కిలోకి దగ్గర. అయ్య పొడుగు మనిషి, చెయ్యి పెద్దది. ఆ కత్తితో పోడు కొట్టాడు, ఇంటికి వాసాలు కొట్టాడు, సిల్వర్ ఓక్ కొమ్మలు నరికి కాఫీ మొక్కలకు వెలుతురు ఇచ్చాడు. అయ్య పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి కత్తి పొయ్యి పైన అటక మీదే ఉంది. అమ్మ నెలకోసారి తీసి, తుడిచి, వలిస నూనె రాసి మళ్ళీ పెట్టేది.

కిందటేడు మా ఊరు సామాజిక అటవీ హక్కుల కోసం అర్జీ పెట్టాలనుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరి సరిహద్దులు, గుర్తులు, దారులు, ఊటలు అన్నీ గ్రామసభ తరఫున నడిచి రాసుకోవాలి. అటవీ హక్కుల కమిటీలో పెద్దలకు దారులు తెలుసు గానీ ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు తియ్యడం రాదు. నేను సెలవుల్లో ఉన్నానని నన్ను పిలిచారు. పొద్దున గంజి తాగి బయల్దేరితే సాయంత్రం దాకా నడకే. లాంటానా కంప కొట్టాలి, వెదురు గూటాలు చెక్కి పాతాలి, వాగు దాటడానికి కర్ర కొట్టాలి, మధ్యాహ్నం పొయ్యికి పుల్లలు చీల్చాలి. అప్పుడు అటక మీద నుంచి అయ్య కత్తి దించాను.

రెండు రోజుల్లో నా మణికట్టు వాచింది. కత్తిలో లోపం లేదు. అది అయ్య చేతికి, అయ్య పనికి చేసిన కత్తి. చెట్టు మీద వెయ్యడానికి ఆ బరువు కావాలి. నేను చేసేది చెట్టు కొట్టే పని కాదు, కంప కొట్టే పని. కంపకి బరువు అక్కర్లేదు, వేగం కావాలి. గూటం చెక్కేటప్పుడు 13 అంగుళాల అలుగు మోకాలికి అడ్డం వస్తుంది. పిడి గుండ్రంగా ఉంటుంది, చెయ్యి చెమట పడితే లోపల తిరిగిపోతుంది. అయ్య పట్టుకు తిరగదు, నా పట్టుకు తిరుగుతుంది.

అదే వారంలో ఇంకోటి జరిగింది. సాయంత్రం బైక్ మీద తిరిగొస్తుంటే దారిలో ఆపారు. ఎవరు, ఎక్కడ అనేది రాయను. కత్తి గోనెసంచిలో చుట్టి వెనక కట్టి ఉంది. "ఇంత కత్తి ఎందుకు? ఎవరికి తీసుకెళ్తున్నావ్? లోపల ఎవరున్నారు?" అని మొదలుపెట్టి రెండు గంటలు నిలబెట్టారు. కాలేజీ ఐడీ కార్డు చూపించినా నమ్మలేదు. చదువుకునేవాడికి కత్తి ఎందుకు అన్నారు. చివరికి మా కమిటీ పెద్ద ఒకాయన వచ్చి గ్రామసభ తీర్మానం కాగితం చూపిస్తే వదిలారు. ఈ మాటలు మీలో చాలామందికి కొత్త కాదని తెలుసు.

ఇంటికొచ్చి "దీన్ని కోసి చిన్నది చేయించుకుంటానమ్మా" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "నీ చేతికి బరువని కోస్తావా, ఆళ్ళకి బయపడి కోస్తావా?" అని. నాకు వెంటనే జవాబు రాలేదు. "బయపడి అయితే కోసీకు. అది మీ అయ్య కత్తి" అంది.

నేను ఆ రాత్రి కూర్చుని చట్టం చదివాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నా. ఆయుధ చట్టం 1959 నాటిది, దాని నిబంధనలు 2016లో మళ్ళీ రాశారు. వాటి ప్రకారం అలుగు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. కానీ ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పరిశ్రమ పనులకు తయారైనవి అందులోకి రావు. అంటే అయ్య మచ్చుకత్తి వ్యవసాయ పనిముట్టు, దానికది తప్పు వస్తువు కాదు. ఇంకో మాట కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అనే మాటలో కత్తిని కూడా చేర్చింది. అభయారణ్యంలోకి, నేషనల్ పార్కులోకి ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్ళకూడదు. కాబట్టి పాపికొండల వైపు తిరిగేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది గానీ వేటకు ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఈ మూడూ తెలిస్తే కొంత ధైర్యంగా మాట్లాడగలం.

అప్పుడు నాకు స్పష్టమైంది. భయంతో అయితే కొయ్యక్కర్లేదు, ఆ కత్తి ఉన్నట్టే ఉండొచ్చు. కానీ నా పనికి అది సరిపోదు, అది వేరే సంగతి. తెల్లారి అమ్మతో అదే చెప్పాను. "మణికట్టు చూడు" అని చూపించాను. అమ్మ ఒక్క షరతు పెట్టింది. "కోసిన ముక్క పారెయ్యకు. నాకు తెచ్చియ్యి."

కమ్మరి మావ ఊరు మాకు నాలుగు కిలోమీటర్లు. మన ఏజెన్సీలో కమ్మర కూడా షెడ్యూల్డ్ తెగే అని బయటి స్నేహితులకు తెలీదు, మనలో కొందరికీ తెలీదు. మావ కొలిమికి పాత తిత్తి పోయి ఇప్పుడు చేత్తో తిప్పే బ్లోయర్ వచ్చింది. దాగలి మాత్రం తాతల నాటిదే. కత్తి చేతికి తీసుకుని, "ఇది నా దెబ్బే" అన్నాడు. వెన్ను మీద ఎక్కడ కొట్టాడో వేలితో చూపించాడు. కోసెయ్యమంటే కొయ్యలేదు. "ముందు కొట్టి సూపించు" అన్నాడు.

కొలిమి వెనక కంప కొట్టించాడు. వెదురు గూటం చెక్కించాడు. నా చెయ్యి ఎక్కడ ఆగుతోందో, అలుగులో ఏ భాగం పనికొస్తోందో, ఏ భాగం ఊరికే వస్తోందో చూశాడు. తర్వాత బొగ్గుతో అలుగు మీద గీత గీశాడు. "ఇక్కడిదాకా నీది. ఇటుపక్కది నువ్వు మోస్తున్నావంతే" అన్నాడు. కొలిస్తే ఎనిమిదిన్నర అంగుళాలు వచ్చింది. ఆన్‌లైన్ కత్తిలో లేనిది ఇదే. అక్కడ కత్తిని చూసి మనం కొంటాం, ఇక్కడ మన పని చూసి కత్తి చేస్తారు.

ఇప్పుడు పని ఎలా జరిగిందో వివరంగా చెప్తా. తెలిసినవాళ్ళు దాటెయ్యండి.

పదును పట్టిన ఉక్కును హాక్సా బ్లేడు కొయ్యదు, జారిపోతుంది. వెల్డింగ్ షాపులో గ్రైండర్‌తో కోయించొచ్చు గానీ వేడికి అలుగు పాడవుతుంది. మావ మొత్తం అలుగును కొలిమిలో ఎర్రగా కాల్చి, గీత దగ్గర ఉలి పెట్టి సమ్మెటతో రెండు దెబ్బలు వేశాడు. ముక్క విడిపోయింది. తర్వాత రెండింటినీ మళ్ళీ ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చేశాడు. రాత్రంతా నెమ్మదిగా చల్లారితే ఉక్కు మెత్తబడుతుంది, అప్పుడు ఆకురాయి పడుతుంది. రెండో రోజంతా నేను ఆకురాయి పట్టడమే. మొన వంపు తగ్గించాం, వెన్ను ముందు వైపు పలచన చేశాం, బరువు పిడి దగ్గరికి వచ్చింది.

అంచు రెండు రకాలుగా ఉంచమన్నాను. పిడి దగ్గర రెండు అంగుళాలు పలచటి అంచు, ఇది గూటం చెక్కడానికి, వెదురు బద్దలు తియ్యడానికి. దాని ముందు భాగం మందపాటి అంచు, ఇది కొట్టడానికి. పలచటి అంచుతో గట్టి ముడి మీద కొడితే విరిగి పంటిగాట్లు పడతాయి. మందపాటి అంచుతో చెక్కితే కర్రలోకి దిగదు. ఒకే కత్తికి రెండూ కావాలంటే చోటు పంచుకోవాలి. మావ ఒప్పుకున్నాడు గానీ ఒక్కటి ఒప్పుకోలేదు. వెన్ను మీద రంపపు పళ్ళు పెట్టమన్నాను, యూట్యూబ్‌లో చూసి. "రంపం కావాలంటే రంపం కొనుక్కో. ఎన్ను మీద గాట్లు పెడితే అక్కడే ఇరుగుద్ది. ఎదురు సీల్సినప్పుడు ఎన్ను మీద కర్రతో కొట్టాలా వద్దా?" అన్నాడు. నిజమే. వెదురు చీల్చేటప్పుడు వెన్ను మీదే కదా దెబ్బ వేసేది.

తర్వాత పాయనం. కత్తి కత్తి అయ్యేది ఇక్కడే. మావ ఈ పని పొద్దు వాలాకే చేస్తాడు. ఎండలో ఎరుపు సరిగ్గా కనపడదు. అలుగు ఎర్రగా కాలుతున్నప్పుడు పాత స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతం ఆనించి చూశాడు. ఒక దశ దాటాక ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు. ఆ తర్వాత ఇంకొంచెం వేడి ఎక్కించి, అంచు కిందికి వచ్చేలా నూనెలో ముంచాడు. "నీళ్ళెందుకు కాదు మావా?" అంటే, కమాను పట్టా ఉక్కు నీళ్ళలో ఒక్కసారిగా చల్లారితే చీలిక పడొచ్చన్నాడు. నూనె కొంచెం నెమ్మదిగా చల్లారుస్తుంది.

అక్కడితో ఆగితే అంచు గాజులా ఉంటుంది. పదునుగా ఉంటుంది గానీ దెబ్బకు పగులుతుంది. అందుకని అలుగును రాయితో రుద్ది తెల్లగా మెరిపించి, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ మీద వెన్ను ఆనించి పట్టుకున్నాడు. వేడి వెన్ను నుంచి అంచు వైపు పాకుతుంటే రంగులు వరసగా వస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, గోధుమ, ఊదా, ఆఖరికి నీలం. వెన్ను నీలానికి వచ్చి, అంచు ముదురు తేనె రంగు దగ్గర ఉండగానే నీళ్ళలో ముంచి ఆపేశాడు. అంటే అంచు గట్టిగా, వెన్ను కొంచెం సాగేలా ఉంటుంది. థర్మామీటర్ లేదు, గడియారం లేదు. నేను ఇంజనీరింగ్ చదివే ఫ్రెండ్‌కి చెప్తే, వాళ్ళు మెటలర్జీ ల్యాబ్‌లో చేసేది కూడా ఇదేనన్నాడు. 200 నుంచి 300 డిగ్రీల మధ్య ఈ రంగులన్నీ వస్తాయట.

ఈ రంగుల సంగతి తెలిస్తే ఇంకో లాభం ఉంది. మా బావమరిది ఒకడు టౌన్‌లో గ్రైండర్ మీద కత్తి పదును పెట్టించాడు. తళతళలాడుతూ వచ్చింది గానీ అంచు పొడవునా సన్నగా నీలం చార ఉంది. రెండో రోజు వెదురు మీద కొడితే అంచు ఆకులా మడతపడింది. ఆ నీలం అంటే అంచు వేడెక్కి గట్టిదనం పోయిందని అర్థం. ఆ చార మొత్తం సాన మీద నెమ్మదిగా అరగదియ్యాలి, లేదా మళ్ళీ పాయనం పెట్టాలి. వేరే దారి లేదు. గ్రైండర్ మీద పెట్టించాల్సి వస్తే పక్కన నీళ్ళ బకెట్ పెట్టించండి. అలుగు వేలికి వేడి తగలగానే ముంచాలి. అసలు చేతి సానే మంచిది. టైం పడుతుంది, కత్తి మిగులుతుంది.

పిడి నేనే చేసుకున్నా. ఎండిన తుమ్మ కర్ర, అమ్మ అటక మీద రెండేళ్ళుగా పొగ పట్టింది. పచ్చి కర్రతో చేస్తే ఎండాక కుంచించుకుపోయి పిడి వదులవుతుంది. గుండ్రంగా కాకుండా గుడ్డు ఆకారంలో చెక్కాను, అంచు వైపు సన్నగా, వెన్ను వైపు వెడల్పుగా. చీకట్లో పట్టుకున్నా అంచు ఎటుందో చేతికి తెలుస్తుంది, తిరగదు. పొడవు నా అరచేతి వెడల్పు, పైన రెండు వేళ్ళు. చివర కొంచెం కిందికి వంచి ముక్కులా ఉంచాను, చెయ్యి జారితే చిటికెన వేలికి అడ్డం పడుతుంది. తోక కాల్చి పిడి బెజ్జంలోకి దింపి, లక్క కరిగించి పోశాం. ముందు వైపు రాగి పైపు ముక్కతో పొన్ను వేశాడు మావ. పొన్ను లేకపోతే మొదటి గట్టి దెబ్బకే పిడి చీలుతుంది. వార్నిష్ వెయ్యలేదు, చెమటకు జారుతుంది. వలిస నూనె మూడుసార్లు రాసి, రాసినప్పుడల్లా బాగా ఆరనిచ్చాను. కర్రలోకి ఇంకిపోయి పట్టు బాగుంటుంది.

ఒర సంగతి. పెద్దవాళ్ళు నడుము వెనక చెక్క కొక్కెంలో కత్తి పెట్టుకుని నడుస్తారు. నడకకి అది బాగుంటుంది. బైక్ మీద పడితే మాత్రం ప్రమాదం. తోలు ఒర వానాకాలం తడి పట్టి అలుగు తుప్పు పట్టిస్తుంది. అందుకని పీవీసీ పైపు నిలువుగా చీల్చి, మరిగే నీళ్ళలో ముంచి మెత్తబడ్డాక రెండు పలకల మధ్య నొక్కి, అలుగు ఆకారానికి తెచ్చాను. మంట మీద కాల్చొద్దు, ఆ పొగ మంచిది కాదు. అంచులు రివెట్లు వేసి, కింద ఒక చిన్న కన్నం పెట్టాను, వాన నీళ్ళు పోవడానికి. సైకిల్ ట్యూబు ముక్క కట్టు. మొత్తం ఖర్చు ముప్పై రూపాయలు.

ఇప్పుడు కత్తి అరకిలో లోపే ఉంది. సరిహద్దు నడక మిగతా తొమ్మిది రోజులూ దీంతోనే తిరిగాను. మణికట్టు మళ్ళీ వాచలేదు. పనస కొడితే జిగురు అంటుకుంటుంది, నీళ్ళకు పోదు, నూనెతో తుడవాలి. చింతకాయ, నిమ్మ లాంటి పులుపు తగిలితే వెంటనే కడిగి ఆరబెట్టాలి, లేదంటే మచ్చలు పడతాయి. ఇది స్టెయిన్‌లెస్ కాదు, మనం చూసుకుంటేనే ఉంటుంది.

ఇక కోసిన ముక్క. నాలుగున్నర అంగుళాలు, అయ్య కత్తి మొన. మావకు అమ్మ మాట చెప్పాను. ఆయన దాన్ని పక్కన పెట్టి, నా కత్తి అయ్యాక, నేను అడగకుండానే కొలిమిలో పెట్టాడు. ఒక పక్క సాగదీసి తోక చేశాడు, వంపు అలాగే ఉంచాడు. చిన్న చాకు అయింది. అడ్డాకు కొయ్యడానికి, పసుపు కొమ్ములు విడదియ్యడానికి, మిరియాల తీగ కత్తిరించడానికి సరిగ్గా సరిపోతుంది. అమ్మ చేతిలో పెడితే తిప్పి తిప్పి చూసింది. "ఈ వంకర మీ అయ్య కొట్టించిందే. నేదంటే కొమ్మ జారిపోద్దనేవాడు" అంది. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఇప్పుడు అది ఆమె నడుములో ఉంటుంది. అటక ఖాళీ.

మావ నా దగ్గర మూడు వందల యాభై తీసుకున్నాడు. రెండు రోజుల పని, బొగ్గు ఆయనదే. ఇంతకు ముందు ఊళ్ళవాళ్ళు ఏడాదికోసారి కుంచాల లెక్కన రాగులో, వడ్లో ఇచ్చేవారు. ఏడాదంతా నాగలి కర్రులు, కత్తులు, గొడ్డళ్ళు ఆయనే చూసుకునేవాడు. ఇప్పుడు సంతలో రేకు కత్తి నూటయాభైకి దొరుకుతుంది. కొడుకు ఆటో తోలుతున్నాడు. "ఆడికి నేర్పలేదా మావా?" అంటే, "నేర్పితే తింటాడేటి?" అన్నాడు. నేను దానికి ఏం చెప్పగలను? పాయనం రంగులు చూపిస్తున్నప్పుడు మాత్రం పక్కనే నిలబడి ఫోన్‌లో వీడియో తీశాను. ఆయనకు చెప్పే తీశాను. మళ్ళీ దసరా సెలవులకు వెళ్ళి, ఈసారి సమ్మెట నేను పట్టుకుంటానన్నాను. నవ్వాడు, "సూద్దాం అల్లుడూ" అన్నాడు.

కత్తి కొన్న తమ్ముడికి నా జవాబు ఇది. కొన్నావు కాబట్టి వాడు, అందులో తప్పేం లేదు. కానీ నీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో కొలిమి ఇంకా వెలుగుతుంటే ఒకసారి ఇంట్లో పాత కత్తి పట్టుకుని వెళ్ళు. నువ్వు చేసే పని ఏంటో చేసి చూపించు. పిడి ఒక్కటి మార్పించుకున్నా చాలు, తేడా నీకే తెలుస్తుంది. నాలుగు వేలలో పదో వంతు కూడా అవ్వదు, ఆ డబ్బు మన మనిషికే చేరుతుంది.

మీ అందరికీ ఒక మాట. కత్తిలో భాగాలకు తెలుగులో అలుగు, వెన్ను, మొన, పిడి, పొన్ను, ఒర అని రాశాను. మీ ఇళ్ళల్లో కువిలో, సవరలో, కోయలో, గోండిలో, ఆదివాసీ ఒడియాలో వీటిని ఏమంటారో కింద రాయండి. ముసలివాళ్ళను అడిగి రాయండి. మీ ఊరి కొలిమి ఇంకా ఉందో లేదో కూడా రాయండి. ఉంటే ఏ సంతకు దగ్గరో చెప్తే, అటు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.

జోహార్.